రేడియో వదిన, గొడుగు అరటి

మా వదినని ల్యాబులో అందరూ రేడియో అంటారు. ఆ పేరు పెట్టింది నేను కాదు గానీ, అవకాశం ముందు నాకొచ్చి ఉంటే నేనూ అదే పెట్టేదాన్ని. పొద్దున్న కళ్లు తెరిచింది మొదలు మంచమెక్కేదాకా ఆమె నోటికి విశ్రాంతి లేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపు ఆ మనిషి అత్తగారి మోకాళ్ల నొప్పుల దాకా తెలుసుకుంటుంది. వాళ్లు అడక్కుండానే మా ఇంటి కుళాయి ఎప్పట్నుంచి కారుతోందో చెప్పేస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. నాకేమో పొద్దున్నపూట ఎవరైనా పలకరిస్తేనే ఒళ్లు మండుతుంది. అలాంటి ఇద్దరం ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బస్సెక్కి, ఒకే చోట పనిచేస్తున్నామంటే అది నా ఓపిక వల్లేనని నేనంటాను. ఆమె ఓపిక వల్లేనని మిగతా లోకం అంటుంది.

మేం పనిచేసేది అరటి మొక్కల్ని సీసాల్లో పెంచే ల్యాబు. మంచి పిలక ఒకటి తెచ్చి, దాని మొవ్వు కోసి, తిండి కలిపిన జెల్లీ మీద పెడితే అది చిన్న చిన్న మొగ్గలు వేస్తుంది. వాటిని విడదీసి కొత్త సీసాల్లో పెడితే అవి మళ్లీ మొగ్గలు వేస్తాయి. అలా విడదీసి పెట్టడాన్ని మేం మార్పు అంటాం. చివరికి వేర్లు వచ్చాక సీసాలోంచి తీసి మట్టిలో నాటి, పచ్చటి వల కింద కొన్నాళ్లు ఎండకీ గాలికీ అలవాటు చేసి రైతులకిస్తాం. వదినది సీసాల పని, నాది మట్టి పని. ఆమె చేతిలో పుట్టినవి నా చేతిలో బతకాలి. కాబట్టి మొక్క మంచిదో కాదో చెప్పాల్సింది నేనేనని నా గట్టి నమ్మకం.

సీసాలు తెరిచే బల్ల వెనక నుంచి వడగట్టిన గాలి వీస్తూ ఉంటుంది. దాని ముందు కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు. నోటి తుంపర ఒక్కటి పడినా సీసా నిండా బూజే. తలకి టోపీ, మూతికి మాస్కు తగిలించుకుని వదిన అక్కడ కూర్చుందంటే రేడియో కట్టేసినట్టే. చాకుని స్పిరిట్ దీపం మంటలో కాల్చి, చల్లారనిచ్చి, మొగ్గని విడదీసి, మూత బిగించి, మళ్లీ చాకు కాల్చి, అలా పూటంతా గడిపేస్తుంది. ఆ కాసేపూ ఆమె కనుబొమలే మాట్లాడతాయి. ఒకటి పైకి లేస్తే ఆ ట్రే ఇటివ్వమని. రెండూ కలిసి ముడుచుకుంటే, చేతులు సరిగ్గా కడుక్కున్నావా అని. కొత్తగా చేరిన ఆడపిల్లలకి పనికంటే ముందు ఆ కనుబొమలు చదవడం నేర్పాలి.

నేను ఆమె చేతికి దొరికేసరికి చిన్నపిల్లని. మా అమ్మ పోయిన కొద్దికాలానికే అన్నయ్యకి పెళ్లయింది. కొత్త కోడలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా నేను, ముక్కు కారుతూ, చెవి పట్టుకుని ఏడుస్తూ. తనింకా చీర సర్దుకోవడం కూడా సరిగ్గా రాని వయసులో ఉంది. పెట్టె దించకుండానే నన్ను ఎత్తుకుని క్లినిక్‌కి పరిగెత్తింది. అక్కడి డాక్టరు యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చాడు, చెవి తగ్గింది. కానీ వదినకి భయం పట్టుకుంది. నేను తుమ్మితే సిరప్, చెవి గోక్కుంటే సిరప్, వానలో తడిస్తే ముందుజాగ్రత్తకని ఓ చెంచా సిరప్. ఆకలి చచ్చి, పాలిపోయి, పుల్లలా తయారయ్యాను. ఆఖరికి ఆ డాక్టరే మండిపడ్డాడు.

"ఏమ్మా, ఈ పిల్లకి మందు అన్నమనుకున్నావా? ఇలా తాగిస్తూ పోతే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఇది పనిచేయదు."

వదిన ఇంటికొచ్చి ఆ సీసాని అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అన్నయ్యకిచ్చేసింది. ఆ తర్వాత నేను తుమ్మినప్పుడల్లా చేతులు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడేది. మందు ఇవ్వడం కన్నా ఇవ్వకుండా ఊరుకోవడం ఆమెకి ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలీదు. నేను కోలుకున్నాను. ఇవాళ నా నోరు ఇంత పెద్దదంటే అదంతా ఆ చేతి చలవే. ఆ మాట ఆమె ముందు ఎప్పుడూ అనలేదు, అంటే బస్సు మొత్తానికి తెలిసిపోతుంది.

గొడుగు పెద్దాయన మా దగ్గరికొచ్చింది ఒక వాన పొద్దున. గేటు దగ్గర ముందు చూసింది నేనే. మనిషి తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయ్యాడు. చేతిలో మాత్రం నిక్షేపంలాంటి పెద్ద నల్ల గొడుగు ఉంది. ఆ గొడుగు కింద, చంకలో పసిబిడ్డని పెట్టుకున్నట్టు, గోనెసంచిలో చుట్టిన అరటి పిలక. ఈయనకి మతి ఉందా అనుకున్నాను. వదిన అప్పటికే తువ్వాలు తెచ్చి చేతికిచ్చి కబుర్లు మొదలెట్టేసింది.

"గొడుగు కాస్త మీ మీదికి కూడా జరుపుకోకపోయారా బాబాయ్?"

"నేను తడిస్తే తుడుచుకుంటానమ్మా. ఇది తడిస్తే దుంప కుళ్లుతుంది. ఇది ఒక్కటే ఉంది."

ఆయన తోట నేలకి ఎండు తెగులు పట్టిందట. అది మట్టిలో చేరితే ఇక వదలదు. ఏ అరటి నాటినా ఆకులు పసుపెక్కి, బోదె చీలి కూలిపోతోంది.

"పంపు పక్కన మా ఆవిడ ఎప్పుడో పెట్టిన దుబ్బు ఒక్కటి మాత్రం పచ్చగా నిలబడిందమ్మా. దాని పిల్లలైతే ఆ నేలలో నిలుస్తాయేమోనని ఆశ. ఇవీ పోతే నేను అరటి మాట మర్చిపోవాలి. నాకు ఇంకో సాగు రాదు. ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు."

"పిన్నిని కూడా తీసుకురాకపోయారా?" అనేసింది వదిన. ఏది అడగాలో ఏది అడక్కూడదో ఆమెకి ఈ జన్మలో తెలీదు.

"పోయి చాలా కాలమైందమ్మా," అన్నాడాయన, తువ్వాలుతో తన తల వదిలేసి పిలకని తుడుస్తూ.

వదిన ఆ సీసాలన్నిటి మీదా 'గొడుగు' అని రాసింది. రకానికి వేరే పేరుందో లేదో ఎవరికీ తెలీదు, మాకు అది గొడుగు అరటి అయిపోయింది. పిలకని కడిగి, పొర మీద పొర ఒలిచి, శుద్ధి చేసే నీళ్లలో ముంచి, మళ్లీ ఒలిచి, బొటనవేలంత మొవ్వు మిగిలాక నిలువునా చీల్చి సీసాల్లో పెట్టింది. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని బూజు పట్టాయి. అది మామూలే. మిగిలినవి పచ్చబడి ఉబ్బుతుంటే, మా బస్సులో ఆ సంగతి తెలియని మనిషి లేకుండా చేసింది.

ఒకరోజు ఆమె సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. కనుబొమలు రెండూ జారిపోయాయి. మొక్క అడుగున జెల్లీలో పాలచుక్క కలిసినట్టు తెల్లటి మసక. పక్క సీసా తీసింది, దాని పక్కది తీసింది. అన్నీ అంతే.

అది పైపైన అంటిన మురికి కాదు, మొక్క ఒంట్లోనే కాపురమున్న క్రిమి. తోటలో ఉన్నంతకాలం దాంతో మొక్కకి పెద్ద ఇబ్బందేమీ ఉండదు. సీసాలో తీపి తిండి దొరికేసరికి అది ఎడాపెడా పెరిగి మొక్కనే ముంచేస్తుంది. అలాంటి సీసాని మూత తీయకుండా కుక్కర్లో పడేయడం మా పద్ధతి. కుక్కర్ అంటే మేం అన్నిటినీ ఆవిరితో ఉడికించే పెద్ద ఉక్కు డ్రమ్ము. ఈ విషయంలో వదినకంటే కఠినమైన మనిషి మా దగ్గర లేదు. ఒక్క సీసా మీద జాలిపడితే గది మొత్తానికీ ఏడవాల్సొస్తుందని అందరికీ చెప్పేది ఆమే. ఆ రోజు కూడా, పెద్దాయన్నడిగి ఇంకో పిలక తెప్పిద్దామనుకుంటూ బుట్ట పట్టుకుని కుక్కర్ దాకా వెళ్లింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ చేశాడు. గాలివానకి తోటలో నడుం లోతు నీళ్లు నిలిచాయట. పంపు పక్క దుబ్బు మొదలంటా కుళ్లిపోయిందట.

"ఇక మీ దగ్గరున్నవేనమ్మా. అవి బాగానే ఉన్నాయిగా?"

మాట కోసం వదిన తడుముకోవడం నేను చూడటం అదే మొదటిసారి. "ఉన్నాయి బాబాయ్," అంది చివరికి. ఫోన్ పెట్టేసి, బుట్టని వెనక్కి తెచ్చి, మిగతా సీసాలకి దూరంగా, ఎవరూ వాడని చిన్న గదిలో ఒక అరమీద సర్దింది.

మా ల్యాబు పెద్దని మేడమ్ అంటాం. నాలుగు మాటలు కావాల్సిన చోట రెండే వాడే మనిషి. ఆమెకీ వదినకీ ఎలా పొసుగుతుందో నాకిప్పటికీ వింతే. సంగతంతా విని, జెల్లీలో యాంటీబయాటిక్ కలిపి చూద్దామంది. అయితే ముందు గొడుగు మొక్కలకి కాదు, మామూలు అరటి మొగ్గలకి.

"మందు క్రిమిని ఆపుతుంది, సరే. మొక్కనేం చేస్తుందో చూడాలి," అంది.

"మొక్కనెందుకేం చేస్తుంది మేడమ్? మందు క్రిములకి కదా?"

"ఆకులో పచ్చదనం తయారయ్యే చోటుంది చూశారా, అదీ ఒకప్పుడు ఆ క్రిముల జాతిదే. మొక్కలో చేరి స్థిరపడిపోయింది. కొన్ని మందులకి శత్రువెవరో, శత్రువుకి చుట్టమెవరో తేడా తెలీదు."

మూడు రకాల మందులు తెచ్చి ఒక్కోదాన్ని వేర్వేరు మోతాదుల్లో పెట్టి చూశారు. ఒక మందులో మొగ్గలు కాగితంలా తెల్లబడ్డాయి. ఇంకోదాంట్లో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుండిపోయాయి. మూడోది ఆస్పత్రుల్లో ఇంజెక్షన్‌గా పొడిచే రకం. అది మితంగా కలిపిన సీసాల్లో మొగ్గలు పచ్చగా ఉండటమే కాదు, మందు లేని వాటికంటే ఎక్కువ పిల్లలు పెట్టాయి. మోతాదు పెంచిన చోట మాత్రం అవీ ముడుచుకుపోయాయి. మందుకి మొక్క పిల్లలెందుకు పెడుతుందని వదిన అడిగితే, "అది విరిగి, మొక్కకి నచ్చే ఇంకేదో అవుతుందంటారు. నాకు గట్టిగా తెలీదు," అంది మేడమ్. తెలీదనడానికి మొహమాటపడని పెద్దవాళ్లంటే నాకు గౌరవం. ఆమెకి మేం ఎంతో రుణపడి ఉన్నాం, అది ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ మందుని వేడి జెల్లీలో కలిపితే సత్తువ పోతుంది, బాగా చల్లారనిస్తే జెల్లీ గడ్డకట్టి మందు కలవదు. ఆ మధ్య సందులో పట్టుకోవాలి. వదిన థర్మామీటర్ చూసేది. అది సరేనన్నాక కూడా సీసాని ఒకసారి చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకుని నిలబడేది. జ్వరం పిల్లల్ని చూసినట్టు చూస్తావేంటి వదినా అని నవ్వేదాన్ని.

గొడుగు సీసాలు తేటపడ్డాయి. మసక పోయి జెల్లీ అద్దంలా మెరిసింది. మొగ్గలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. వదిన ఆనందం పట్టలేక పెద్దాయనకి ఫోన్ చేసింది, అన్నయ్యకి చేసింది, ఏమాత్రం సంబంధం లేని మా పాలవాడికి కూడా చెప్పింది.

"సంబరపడకండి," అంది మేడమ్. "క్రిమి చావలేదు, అణిగింది అంతే. ఇంకో మార్పు దాకా మందు ఉంచి తర్వాత ఆపేయండి. మందులో ఉన్నంతకాలం ఏ మొక్క శుభ్రమో మనకి తెలీదు. మొక్కకీ అది బరువే." ఆ మాట చెప్పి, తండ్రికి ఆపరేషన్ ఉంటే ఊరెళ్లింది.

వదిన చెప్పినట్టే ఆపింది. కొన్ని మొక్కల్ని మందు లేని జెల్లీలోకి మార్చింది. ఒకే ఒక్క సీసాలో, అడుగున, సన్నటి మసక మళ్లీ కనిపించింది. దాంతో ఆమెకి కాళ్లూ చేతులూ ఆడలేదు. అన్నిటినీ తిరిగి మందులోకి మార్చేసింది. ముందుజాగ్రత్తకని ఇంకాస్త ఎక్కువ కలిపింది. తర్వాతి మార్పుకీ అదే చేసింది, ఆ తర్వాతి దానికీ అదే. ఎవరికీ చెప్పలేదు. ఊరందరి సంగతులూ ఊరందరికీ మోసే మనిషి ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకుని తిరిగింది.

పైకి సీసాలు నిగనిగలాడుతున్నాయి. వేర్ల జెల్లీలోకి మార్చాక మాత్రం ఎంతకాలమైనా వేరన్నది లేదు. ఓ మధ్యాహ్నం ఆమె ఒక ట్రే పట్టుకుని నా వల కిందికి వచ్చింది.

"మట్టి తగిలితే వేర్లు వస్తాయేమో నాటి చూడవే."

ఒక మొక్కని తీసి కడిగాను. ఆకు అంచులు సున్నం కొట్టినట్టున్నాయి. కింద ఏమీ లేదు, నున్నగా ఉంది.

"ఇవి మొక్కలా, బొమ్మలా? నేను నాటను. నా చేతి మీదుగా చావనివ్వను."

"ముందే కాదనకే. ప్రయత్నమైనా చెయ్యి."

"వీటికేం తాగిస్తున్నావు వదినా?"

ఆమె ట్రే తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు బస్సులో మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. అన్నయ్య భయపడిపోయి నన్ను పక్కకి పిలిచి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎలా ఉంటుందో మాకు తెలీదు. కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

గిన్నెలు తోముతూ అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా. ఒక్క సీసాలో మసక, ఆ భయం, పెంచిన మోతాదు, అన్నీ.

"ఆయన ఫోన్ చేసి బాగున్నాయా అనడుగుతాడే. బాగున్నాయని చెప్పాలనిపిస్తుంది."

నాకు కోపం ఆగలేదు. "నా చెవి గుర్తుందా?"

ఆమె గిన్నె దించింది. "అలమర తాళంచెవి మీ అన్నయ్యకిచ్చేశాను," అంది మెల్లగా.

"ఇచ్చావు. మరి ఈ మందు తాళం ఎవరికిస్తావు?"

"ఆపితే ఎన్ని పోతాయో తెలీదే."

"ఆపకపోతే అన్నీ పోతాయని తెలుసుగా."

ఆమె ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు. పక్కన నిలబడి కడిగిన గిన్నెలు తుడుస్తూ ఉన్నాను, తుడిచినవే మళ్లీ తుడిచాను.

మేడమ్ వచ్చిన రోజు, ఆమె సంచి బల్ల మీద పెట్టకముందే వదిన ఎదురెళ్లింది.

"గొడుగు మొక్కలకి మందు ఆపలేదు మేడమ్. పెంచాను కూడా. నేనే చేశాను."

మేడమ్ ఒక సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. "ఎందుకు?"

"భయమేసింది."

నేను తలుపు దగ్గరికి జరిగాను. తిడితే మధ్యలో దూరాలని సిద్ధంగా ఉన్నాను, ఉద్యోగం పోయినా సరే.

"నాకూ వేసేదే," అంది మేడమ్. "ఈసారి భయమేస్తే ఫోన్ చేయండి. ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను మాత్రం ఏం చేస్తున్నాను? మీరు చేసి ఉంటే నాకూ కాస్త కాలక్షేపంగా ఉండేది." ఆమె నోట అన్ని మాటలు ఒకేసారి రావడం మా ల్యాబు చరిత్రలో అదే మొదలు. నవ్వాలో వద్దో తెలీక వదిన ముక్కు తుడుచుకుంది.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. క్రిమి మొక్క కింది భాగంలో ఎక్కువగా ఉంటుంది, పెరిగే కొసలో తక్కువ. కొసని ఎంత చిన్నగా కోస్తే అంత శుభ్రం, మరీ చిన్నదైతే బతకదు. వదిన భూతద్దం కింద ఆవగింజంత కొసలు కోసి మందు చుక్కైనా లేని జెల్లీలో పెట్టింది. మిగిలిన ముక్కని మేడమ్ క్రిములకి ఇష్టమైన ఇంకో జెల్లీ మీద రుద్ది చూసేది. అక్కడ ఏదైనా మొలిచిందా, ఆ కొస ఉన్న సీసా కుక్కర్‌కే. ప్రతి మార్పుకీ అదే పరీక్ష. ఇన్నాళ్లూ దాచుకున్న సీసాల్ని వదినే ఒక్కొక్కటీ తీసుకెళ్లి కుక్కర్లో పెట్టింది. మేం పెడతామంటే ఒప్పుకోలేదు. అర ఖాళీ అవుతూ వచ్చింది.

ఆ మధ్యలో పెద్దాయన వచ్చాడు, చూసిపోదామని. వదిన కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఏదీ దాచకుండా చెప్పేసింది.

"నా భయం వల్ల మీ మొక్కలు చాలా పోయాయి బాబాయ్. ఇంకా పోతాయి."

ఆయన టీ పక్కన పెట్టాడు. "అసలున్నాయా?"

"ఇవాళ్టికి ఉన్నాయి."

గాజు తలుపు బయట నిలబడి ఆ అర వైపు చూశాడు. అక్కడ కనబడేదేముంది, సీసాల్లో పచ్చటి చుక్కలు. ఇటు తిరిగి అన్నాడు, "మా ఆవిడా ఇంతేనమ్మా. ఆ దుబ్బు ఎండిపోతుందేమోనని చెంబుడు పోయాల్సిన చోట బిందెడు పోసేది. నేను అరిచేవాణ్ణి. అయినా అది బతికింది." చెప్పులు వేసుకుంటూ, "నువ్వు కానియ్యి," అన్నాడు.

ఆయన వెళ్లాక వదిన ఆ సగం టీని అలాగే చూస్తూ కూర్చుంది. ఆయన కోప్పడి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ ఒక్క మాటకి తట్టుకోలేకపోయింది.

నేను మట్టి కలుపుతున్న ఒక పొద్దున, ఆమె మాస్కు కూడా తీయకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. మాట లేదు. సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తేటగా ఉన్న జెల్లీలో, ఆ చిన్న మొక్క కాలి కింద, తెల్లటి దారప్పోగు ఒకటి కిందికి దిగుతోంది. వేరు. మందు లేకుండా, మసక లేకుండా. నేనేదో వెటకారంగా అనబోయి మానేశాను. మట్టి చేతులతోనే ఆమెని పట్టుకున్నాను. శుభ్రమైన కోటుకి మట్టైందని తర్వాత నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

అలా నిలిచినవి కొద్దివే. ఆ కొద్దివాటినే విడదీసి, మళ్లీ విడదీసి, ఈసారి మందు వాసన తగలనివ్వకుండా పెంచాం. నా వల కిందికి వచ్చినప్పుడు ఒక్కోదాని వేర్లకంటిన జెల్లీని గోరువెచ్చటి నీళ్లలో కడిగి నాటాను. వదిన టీ వేళ వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని వాటికి ఊరి కబుర్లన్నీ చెప్పేది. సీసాల దగ్గర చెప్పలేనివి ఇక్కడ చెప్పుకుంటోందని ఊరుకున్నాను.

గెలల సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు దాని గురించే ఆలోచిస్తూ మిగతాది సరిగ్గా వినరు. నిలబడ్డాయి. అన్నీ కాదు, కానీ చాలామటుకు నిలబడ్డాయి. ఆ జబ్బు నేలలోనే గెలలు వేశాయి. మొదటి గెల పెద్దాయన భుజం మీద మోసుకొచ్చి మా గుమ్మంలో దించాడు. వదిన దాన్ని వీధి వీధంతా పంచింది. ఒక్కో పండుతో పాటు ఈ కథంతా మొదటినుంచీ చెప్పింది, పాపం, పండు తీసుకున్నవాళ్లు తప్పించుకోలేకపోయారు.

కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది నాటిన రోజు. మొక్కలు దించడానికి మేమిద్దరం కూడా తోటకి వెళ్లాం. ఎండ మాడ్చేస్తోంది. పంపు పక్కన, పాత దుబ్బు ఉన్న చోటే మొదటి మొక్క నాటారు. పెద్దాయన తన నల్ల గొడుగు విప్పి దాని మీద నీడ పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారుతున్నా జరగడు. కూలీలు వరసలు పూర్తి చేసి చేతులు కడుక్కుంటున్నా ఆయన అక్కడే ఉన్నాడు.

వదిన దగ్గరికెళ్లింది.

"గొడుగు తీసేయండి బాబాయ్."

"పసిదమ్మా. ఈ ఎండ చూశావుగా. ఇంకాసేపు పట్టనీ."

"వద్దు. తీసేయండి." ఆమె మొక్క వంకే చూస్తోంది. "అది తట్టుకుంటుంది."

ఆయన నా వంక చూశాడు. నేను తల ఊపాను. మెల్లగా గొడుగు పక్కకి జరిపి ముడిచాడు. ఆ రెండు లేత ఆకుల మీద ఎండ నేరుగా పడింది. వదిన గట్టు మీదికెక్కి, చేతులు నలుపుకుంటూ నిలబడింది, ఎప్పుడో నేను తుమ్మినప్పుడల్లా గుమ్మంలో నిలబడినట్టే.

వెళ్లి ఆ చేయి పట్టుకున్నాను. కృతజ్ఞతలు చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు, నాకసలే రాదు.

"నా చెవికిప్పుడేం లేదు వదినా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. కళ్లు నిండిపోయాయి. "తెలుసులేవే," అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా ఆమె నోరు మూయలేదు. నేను ఒక్కసారి కూడా ఆపమనలేదు.